ఎండ కాచుకునే పచ్చ బల్లి: కొన్ని విశేషాలు

బెజవాడలో బల్లి అంటే దీపాలు పెట్టాక కనిపించే ప్రాణి. పొద్దుగూకి ట్యూబ్‌లైటు వేయగానే పటం వెనక నుంచో, తలుపు సందులోంచో బయటికొస్తుంది. దీపపు పురుగుల కోసం గోడ మీద కాపు కాస్తుంది. తెల్లారేసరికి ఎక్కడ దూరుతుందో తెలియదు. ఒళ్లు బూడిద రంగు, గోడలో కలిసిపోయే రంగు. అందుకే బల్లి పేరు చెబితే మనకు రాత్రి, గోడ, శకునం మాత్రమే గుర్తొస్తాయి.

అదే బల్లి వంశంలో రాత్రంతా నిద్రపోయి, ఎండెక్కాక లేచి, చిలకపచ్చ ఒంటితో కొబ్బరి మాను మీద తిరుగుతూ పూలలో తేనె తాగే జాతి ఉంది. దాన్ని చూడడానికి పరదేశం పోనక్కర్లేదు. విశాఖ రేవు నుంచి బంగాళాఖాతం మీద దాదాపు 1,200 కిలోమీటర్లు పోతే అండమాన్ దీవులు. అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాష అని 2011 జనాభా లెక్కల్లో రాయించుకున్నవాళ్లు నూటికి దాదాపు 13 మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత అక్కడ ఎక్కువగా వినిపించేది మన మాటే. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు బోలెడు. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. ఆ ఊళ్లో పెరట్లో అరటి చెట్టో కొబ్బరి చెట్టో ఉన్నవాళ్లకు ఈ పచ్చ బల్లి ఇంటి చుట్టంతో సమానం.

దగ్గరగా చూస్తే

శాస్త్రజ్ఞులు దీన్ని ఫెల్సుమా అండమానెన్సిస్ అంటారు. తోకతో కలిపి పది పదమూడు సెంటీమీటర్లు ఉంటుంది, అంటే మన గోడ బల్లి కొలతే. ముక్కు దగ్గర మొదలైన ఎర్రని చార కంటి మీదుగా వెనక్కి పోతుంది. నడుము మీద ఎర్రని చుక్కలు. తోక దగ్గరికొచ్చేసరికి పచ్చదనం కొన్నిటిలో నీలంలోకి తిరుగుతుంది. పొద్దున్నే మాను మీద ఎండ పడే వైపుకు వచ్చి, తల కిందికి పెట్టి, ఒళ్లు మానుకి అతికించుకుని కదలకుండా ఉంటుంది. ఒళ్లు చల్లగా ఉన్నంతసేపు దాని రంగు ముదురుగా, కాస్త నల్లబారినట్టు ఉంటుంది. వెచ్చబడ్డాక పచ్చ తేరుకుంటుంది. మనిషి దగ్గరికి వస్తే పరుగెత్తి పారిపోవడం కంటే మాను చుట్టూ తిరిగి అవతలి వైపుకి జరగడం దీని అలవాటు. మీరు ఇటు తిరిగితే అది అటు, మీరు అటు తిరిగితే అది ఇటు.

దీన్ని మొదట శాస్త్ర గ్రంథాలకెక్కించినవాడు ఎడ్వర్డ్ బ్లిత్. కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం బాధ్యత చూసిన ఆయన 1861లో దీని వివరాలు ప్రకటించాడు. అండమాన్‌లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీల స్థావరం పెట్టి అప్పటికి మూడేళ్లే అయింది. ఇక ఫెల్సుమా అన్న పేరు 18వ శతాబ్దపు డచ్చి వైద్యుడు మర్క్ ఫాన్ ఫెల్సుమ్‌ది. 1825లో జంతుశాస్త్రజ్ఞుడు జాన్ ఎడ్వర్డ్ గ్రే ఆయన గౌరవార్థం ఆ పేరు ఖాయం చేశాడు.

చుట్టాలందరూ సముద్రానికి అవతల

ఈ బల్లి గురించి నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచేది దాని చిరునామా. ఫెల్సుమా బల్లుల్లో యాభైకి పైగా జాతులున్నాయి. మిగతావన్నీ సహజంగా మడగాస్కర్‌లో, దాని చుట్టుపక్కల కొమొరోస్, సీషెల్స్, మారిషస్, రీయూనియన్ దీవుల్లో, తూర్పు ఆఫ్రికా తీరాన కొద్ది చోట్ల ఉన్నాయి. ఈ ఒక్కటి మాత్రం వేల కిలోమీటర్ల సముద్రం దాటి, హిందూ మహాసముద్రానికి ఈ చివర, అండమాన్‌లో ఉంది. మధ్యలో ఉన్న శ్రీలంకలో లేదు, మాల్దీవుల్లో లేదు, మన తూర్పు తీరంలో లేదు.

ఎవరో నావికులు ఓడలో తెచ్చారనుకుందామా అంటే, అలా వచ్చిన బల్లి తన పుట్టింటి బల్లిలాగే ఉండాలి. ఇది ప్రపంచంలో ఇంకెక్కడా లేని వేరే జాతిగా మారిపోయింది. అంత మార్పుకు మనుషుల ఓడల చరిత్ర చాలదు. కాబట్టి ఏ కాలంలోనో తుపానుకి కొట్టుకుపోయిన చెట్టు మాను మీద, ఆ మాను చీలికలో పెట్టిన గుడ్ల రూపంలో ఇవి సముద్రాన్ని దాటి ఉంటాయన్నది ఒప్పుకోదగ్గ మాట. ఈ వంశపు గుడ్లకు పలచని తోలు కాకుండా గట్టి సున్నపు పెంకు ఉంటుంది. అది తేమను లోపలే పట్టి ఉంచుతుంది, కొద్దిపాటి ఉప్పు నీటి తడిని ఓర్చుకుంటుంది. వరదల్లో కృష్ణమ్మ మీద కొట్టుకొచ్చే మానుల్ని, తుపాను తర్వాత హంసలదీవి దగ్గర ఒడ్డుకు చేరే దుంగల్ని చూసినవాళ్లకు ఈ ప్రయాణం ఊహకు అందనిదేమీ కాదు.

ఆ పచ్చ ఎక్కడిది?

ఆకు పచ్చగా ఉండడానికి దానిలో పచ్చ పదార్థం ఉంది. ఈ బల్లి చర్మంలో పచ్చ రంగు పదార్థమన్నదే లేదు. చర్మం లోపలి పొరలోని కణాల్లో గ్వానిన్ అనే పదార్థం సన్నని స్ఫటికాలుగా వరసలు తీరి ఉంటుంది. వెలుగు వాటి మీద పడి నీలమై తిరిగొస్తుంది. వాటిపైన ఉన్న కణాల్లో పసుపు రంగు ఉంటుంది. నీలం గాజు పలక మీద పసుపు గాజు పలక పెట్టినట్టు, రెండూ కలిసి మన కంటికి పచ్చగా కనిపిస్తాయి. పసుపు కణాలు లేని చోట నీలం అలాగే బయటపడుతుంది. ఎర్ర చుక్కలున్న చోట ఎర్ర రంగు కణాలే ముందుంటాయి. జెనీవా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2013లో ఫెల్సుమా జాతుల చర్మాన్ని పొరపొరగా పరిశీలించి ఈ అమరికను వివరించారు. భయపడినప్పుడు ఒళ్లు నల్లబడడం కూడా ఈ పొరల పనే. నల్ల రంగు కణాల్లోని రంగు పైకి పరుచుకుని వెలుగును మింగేస్తుంది.

గుండ్రని కంటిపాప

ఇంట్లో బల్లి కంటిని పగలు చూస్తే పాప నిలువు గీతలా మూసుకుని ఉంటుంది. పచ్చ బల్లి కంటిపాప మన కంటిపాపలా గుండ్రంగా ఉంటుంది. పగటి వెలుగుకు అలవాటుపడిన కన్ను అది.

రెండింటికీ కనురెప్పలు ఆడవు. కంటి మీద పారదర్శకమైన పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. దాని మీద దుమ్ము పడితే నాలుక బయటికి చాపి కళ్లు తుడుచుకుంటుంది. గోడ మీద బల్లిని కాసేపు ఓపికగా గమనిస్తే మన ఇంట్లోనే ఈ దృశ్యం చూడొచ్చు.

రాత్రి బల్లుల కంటిలో ఇంకో వింత ఉంది. చీకట్లో మనకు రంగులు తెలియవు, అంతా బూడిదగా కనిపిస్తుంది. కొన్ని రాత్రి బల్లులు మసక వెన్నెల్లో కూడా రంగులు గుర్తుపడతాయి. స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 2004లో ఒక ఆఫ్రికా ఎడారి బల్లిని పరీక్షించారు. రంగు గుర్తించే విషయంలో దాని కన్ను మన కన్ను కంటే 350 రెట్లు చురుకైనదని లెక్క తేల్చారు. దీనికి కారణం వాటి వంశ చరిత్రలోనే ఉంది. బల్లుల పూర్వీకులు పగలు తిరిగినవి. అప్పుడు వాటి కంటిలో చీకటి చూపు కణాలు పోయాయి, రంగు చూసే కణాలే మిగిలాయి. తర్వాత రాత్రి బతుకులోకి మళ్లినప్పుడు ఆ రంగు కణాలే పెద్దవై చీకటి పని కూడా నేర్చుకున్నాయి. ఫెల్సుమా లాంటివి ఆ రాత్రి బతుకు నుంచి మళ్లీ పగటికి తిరిగొచ్చినవి.

సత్యం, సత్యం

ఎవరైనా మాట అంటుండగా బల్లి పలికితే మన ఇళ్లల్లో పెద్దవాళ్లు వేలితో నేల మీదో బల్ల మీదో తడుతూ "సత్యం, సత్యం" అంటారు. ఆ టిక్ టిక్ టిక్ శబ్దం చేసేది ఎక్కువగా మగ బల్లి. ఈ గోడ నాది అని పక్క బల్లికి చెప్పడానికి, పోట్లాట తర్వాత, కడుపు నిండాక పలుకుతుందని 1970లలోనే పరిశోధకులు రాశారు. చీకట్లో రంగు చూపి లాభం లేదు కనుక రాత్రి బల్లులు గొంతును నమ్ముకున్నాయి. పగటి బల్లికి ఒంటి రంగు ఉంది, తల ఊపు ఉంది, తోక ఆడింపు ఉంది. అందుకే పచ్చ బల్లులు పెద్దగా పలకవు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితి తొట్టిలో పడిందని సామెత కట్టిన మనవాళ్లకు పచ్చ బల్లి ఒక్కటే తెలిసి ఉంటే ఆ సామెత పుట్టేదే కాదు.

తేనెటీగ పని బల్లి చేస్తే

అసలు విశేషం ఇక్కడుంది. పూవు కాయ కావాలంటే పుప్పొడి ఒక పూవు నుంచి ఇంకో పూవుకి చేరాలి. మన కొల్లిపర లంకల్లో, దివిసీమలో ఆ పని ఈగలు, తేనెటీగలు, సీతాకోకచిలకలు, పిట్టలు, గబ్బిలాలు చేస్తాయి. సముద్రం మధ్యలో పుట్టిన చిన్న దీవిలో ఆ పురుగులు తక్కువ. బల్లిని తినే జంతువులు కూడా తక్కువే. తిండి కోసం పోటీ, భయం రెండూ తగ్గేసరికి బల్లి ధైర్యంగా పూల మీదికి ఎక్కింది. తేనె తాగింది, ముక్కుకి పుప్పొడి పూసుకుని పక్క పూవుకి మోసుకెళ్లింది. బల్లులు పూల పెళ్లిళ్లు చేసే సంగతి ఎక్కడెక్కడ జరుగుతోందో 2003లో ఇద్దరు పరిశోధకులు లెక్క తీస్తే, ఇది ముఖ్యంగా దీవుల్లో జరిగే పని అని తేలింది.

ఇందులో అందరికంటే పేరు పడింది మారిషస్. ఆ దేశం మనకు కొత్త కాదు. 19వ శతాబ్దంలో చెరకు తోటల పని కోసం కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ల వంశాలు అక్కడ స్థిరపడ్డాయి. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. మూడో ప్రపంచ తెలుగు మహాసభలు 1990లో జరిగింది కూడా అక్కడే. ఆ దీవిలో నీలి తోక పచ్చ బల్లి ఉంది, పేరు ఫెల్సుమా సెపెడియానా. ఆ దేశపు అడవి పూలలో కొన్నిటి ప్రాణం దీని నాలుక మీద ఆధారపడి ఉంది.

మన మందార కుటుంబానికే చెందిన ట్రోషేషియా అనే పూల చెట్లు మారిషస్‌లో ఉన్నాయి. వాటిలో ఒకటి, ట్రోషేషియా బౌటోనియానా, 1992 నుంచి ఆ దేశపు జాతీయ పుష్పం. వీటి తేనెకు రంగు ఉంటుంది. జాతీయ పుష్పంలో ఎర్రటి తేనె ఊరుతుంది. దాని చుట్టంలో పసుపు తేనె. ఒక కొండచరియ మీద దొరికిన నెసోకోడాన్ అనే నీలి గంటల పూవులోనూ ఎర్రని తేనే ఉంది. తేనె మామూలుగా నీళ్లలా ఉంటుంది కదా, దీనికి రంగెందుకు? ఈ ప్రశ్న చాలాకాలం తేలలేదు. 2006లో పరిశోధకులు కాగితం పూలు చేసి, కొన్నిటిలో రంగు తేనె, కొన్నిటిలో రంగులేని తేనె పోసి బల్లుల ముందు పెట్టారు. బల్లులు రంగు తేనె ఉన్న పూల వైపుకే ఎక్కువగా వెళ్లాయి. పూవు బల్లి కన్నును పిలవడానికే ఆ రంగు తెచ్చుకుంది.

ఇంకా ముచ్చటైన సంగతి మొగలి పొదలది. మొగలి పూవు వాసన తెలియని తెలుగు ఇల్లు ఉండదు, మొగలి ముళ్ల పదును కూడా. ఆ ముళ్లాకుల మధ్య పిట్టకు, పిల్లికి దారి దొరకదు. మారిషస్‌లోని మొగలి జాతి పొదల్లో నీలి తోక బల్లులు కాపురం ఉంటాయి. అక్కడి నుంచి కొద్ది దూరం వచ్చి పూవు తాగి మళ్లీ ముళ్లలోకి దూరతాయి. ట్రోషేషియా చెట్టు మొగలి పొదకు దగ్గరగా ఉంటే బల్లులు ఎక్కువగా వచ్చి, కాయలు ఎక్కువగా కడతాయని, దూరంగా ఉంటే తగ్గిపోతాయని 2007లో కొలతలతో చూపించారు. మొగలి పొదను నరికితే కాయ లేకుండా పోయేది పక్క చెట్టుకన్నమాట. అడవిలో ఏ పొద ఎవరికి ఆధారమో బయటి నుంచి చూసి చెప్పలేమన్న మాటకు ఇంతకంటే మంచి రుజువు నేను చదవలేదు.

రుసియా సింప్లెక్స్ అనే పాకే పొద కథ ఇంకా సున్నితమైనది. ప్రపంచంలో అది మారిషస్‌లో తప్ప లేదు. దాని పూలకు పుప్పొడి చేర్చేదీ నీలి తోక బల్లే, పండులోని జిగురు తిని గింజలు చల్లేదీ అదే. ఇంకో ప్రాణి ఆ రెండు పనుల్లో దేనికీ రాదు. ఈ మధ్య కాలంలో బయటి నుంచి వచ్చిన తెల్లకాళ్ల చీమ ఆ పూలలో కాపురం పెట్టింది. పూవు మీద ఉన్న పిండినల్లి కోసం కాపలా కాస్తూ, తేనె కోసం వచ్చిన బల్లిని కరిచి తరిమేస్తుంది. బల్లి రాదు, పూవు రాలిపోతుంది, కాయ లేదు. ఒక్క చీమ చేతిలో ఒక మొక్క వంశం ఊగిసలాడుతోంది.

యానాం నుంచి వెళ్లినవాళ్ల దీవి

మారిషస్ పక్కనే ఫ్రెంచివాళ్ల రీయూనియన్. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను అక్కడికి తీసుకెళ్లారు. అక్కడి మనపనీ పచ్చ బల్లి దీవి దక్షిణ తీరంలో పది పన్నెండు కిలోమీటర్ల సన్నని పట్టీలో మాత్రమే మిగిలింది. బెజవాడ నుంచి మంగళగిరి ఎంత దూరమో ఆ బల్లికి ప్రపంచం అంత. అదీ మొగలి పొదలనే నమ్ముకుంది.

పోయినవి, నిలిచినవి

మారిషస్‌కి చెందిన రోడ్రిగ్స్ దీవిలో 1691 నుంచి 1693 దాకా ఉన్న ఫ్రాన్సువా లెగువా అనే ఫ్రెంచివాడు అక్కడి పెద్ద బల్లుల గురించి రాసిపెట్టాడు. ఎలకలు, పిల్లులు ఆ దీవికి చేరాయి, అడవి తరిగింది, ఆ రాక్షస బల్లి అంతరించింది. ఆ దీవిదే ఇంకో పచ్చ బల్లిని ఆఖరుసారి పట్టి భద్రపరిచింది 1917లో. ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు.

రౌండ్ ఐలండ్ కథ మాత్రం కాస్త ఊరట. మారిషస్‌కి ఉత్తరాన ఉన్న ఆ చిన్న దీవిలో గుంథర్ బల్లి అనే పెద్ద ఫెల్సుమా ఉంది. ఎవరో వదిలిన మేకలు, కుందేళ్లు అక్కడి తాటి కుటుంబపు చెట్ల మొలకలన్నీ మేసేశాయి. 1979కి మేకల్ని, 1986కి కుందేళ్లని పూర్తిగా తీసేశారు. మొలకలు నిలిచాయి, చెట్లు పెరిగాయి, బల్లి నిలిచింది. దీవుల్లో ప్రాణుల్ని కాపాడాలంటే ఏం చేయాలని ఎవరడిగినా ముందు చెప్పవలసిన పేరు ఇదే.

మన గోడ బల్లి అక్కడ చేసిన పని

ఇంట్లో ఎవరికీ హాని చేయని మన గోడ బల్లి ఓడల సరుకుల్లో దాక్కుని ప్రపంచమంతా పాకింది. హెమిడాక్టైలస్ ఫ్రినాటస్ దాని పేరు. మారిషస్ దీవుల్లో అది అడుగుపెట్టిన చోట అక్కడి చిన్న రాత్రి బల్లులు, నాక్టస్ జాతివి, పూట గడవక అంతరించాయి. దాగే సందుల్ని ఇది ఆక్రమించింది, పిల్లల్ని తినేసింది. ఇది చేరని చిన్న చిన్న లంకల్లోనే అవి మిగిలాయి. ఇక అదే మారిషస్‌లో మడగాస్కర్ నుంచి మనుషులు పెంచుకోవడానికి తెచ్చి వదిలిన పెద్ద పచ్చ బల్లి స్థానిక పచ్చ బల్లుల్ని తరుముతోంది. పచ్చగా ముద్దుగా ఉంది కదా అని ఒక చోటి ప్రాణిని ఇంకో చోటికి మోసుకుపోవడం ఎంత నష్టమో ఇక్కడ తెలుస్తుంది. ఫెల్సుమా జాతులన్నిటి వ్యాపారం మీద సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం అదుపు ఉంది. సెలవుల్లో అండమాన్ వెళ్లేవాళ్లు ఫొటో తీసుకుని తృప్తి పడాలి.

హవాయిలో ఇప్పుడు ప్రతి తోటలో కనిపించే బంగారు పొడి పచ్చ బల్లి కూడా అలా వదిలిందే, 1974లో. ఆ దీవులకు విహారానికి వెళ్లే మన అమెరికా తెలుగువాళ్లు పొద్దుటి ఫలహారం దగ్గర జాము గిన్నెను నాకే పచ్చ బల్లిని చూసే ఉంటారు. వాళ్ల ఇళ్లల్లో టీవీ చూసే పిల్లలందరికీ తెలిసిన గైకో బీమా కంపెనీ ప్రకటనల బల్లి, 1999 నుంచి మాట్లాడుతున్నది, ఈ జాతినే చూసి గీసింది.

మీద పడితే

బల్లి శాస్త్రం మన పంచాంగాల్లో ఉంది. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి. పడ్డాక తలస్నానం చేస్తారు. కంచి వరదరాజస్వామి గుడి కప్పులోని బంగారు బల్లిని, వెండి బల్లిని ముట్టుకున్నవాళ్లకు దోషం అంటదంటారు. వాళ్లని ముట్టుకున్నా చాలంటారు.

బల్లి అసలు ఎందుకు పడదన్నది ఇంకా పెద్ద విశేషం. టోకే అనే పెద్ద బల్లికి ఒక్కో పాదం కింద దాదాపు ఐదు లక్షల సన్నని రోమాలుంటాయి. ఒక్కో రోమం చివర మళ్లీ వందల పాయలు. అవి గోడకు ఎంత దగ్గరగా చేరతాయంటే అణువుల మధ్య ఉండే వాన్ డెర్ వాల్స్ ఆకర్షణే బల్లిని పట్టి నిలబెడుతుంది. జిగురు లేదు, గాలి పీల్చే బుడిపెలు లేవు. దీన్ని 2002లో రుజువు చేశారు. అయినా పట్టు తప్పి పడితే? అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో 2008లో చదునుతోక ఇంటి బల్లిని వెల్లకిలా వదిలి వేగంగా ఫొటోలు తీశారు. అది తోకను ఒక్క విసురు విసిరి, సెకనులో దాదాపు పదో వంతులో ఒళ్లు తిప్పుకుని, కాళ్లు కిందికి పెట్టి దిగింది. తోక లేనిదానికి అది చేతకాలేదు. శత్రువు పట్టుకున్నప్పుడు తెంపి వదిలేసే తోకకు ఇంత పని ఉంది. తెగిన తోక మళ్లీ మొలుస్తుంది కానీ లోపల వెన్నుపూసలు రావు, మెత్తటి ఎముక కడ్డీ ఒకటే వస్తుంది.

విషం మాట కూడా చెప్పుకోవాలి. మధ్యాహ్న భోజనంలో బల్లి పడిందన్న వార్త వచ్చినప్పుడల్లా బల్లి విషమే ప్రాణం మీదికి తెచ్చిందని అంటారు. మన ఇళ్ల బల్లికి విషం లేదు. దాని పేగుల్లో సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులుంటాయి. ఆ అన్నం పారబోయవలసిందే, పిల్లలకు వాంతులైతే ఆసుపత్రికి తీసుకెళ్లవలసిందే. కారణం మాత్రం శుభ్రత లోపం. మూత పెట్టిన గిన్నెలో బల్లి పడదు.

మన కొండల్లో

ఆంధ్ర కొండల్లోనూ పేరున్న బల్లులున్నాయి. 1870లో బెడ్డోమ్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు తిరుపతి కొండల నుంచి వర్ణించిన బంగారు బల్లి, కాలోడాక్టైలోడిస్ ఆరియస్, శతాబ్దం పైగా శాస్త్రజ్ఞుల కంటపడలేదు. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన జె.సి. డేనియల్ బృందం శేషాచలం కొండల్లో దాన్ని మళ్లీ చూసి, 1986లో ప్రకటించింది. మగ బల్లి ఒళ్లు నిజంగానే పసుపు బంగారం రంగుకు వస్తుంది. రాతి గుహల్లో ఆడ బల్లులు ఒకే చోట గుంపుగా గుడ్లు అతికిస్తాయి. దీని వంశంలో ఇంకొక్క జాతే ఉంది, అది శ్రీలంకలో. గోదావరి లోయలో భద్రాచలం వైపు నుంచి స్టోలిచ్కా అనే శాస్త్రజ్ఞుడు 1871లో వర్ణించిన పెద్ద రాతి బల్లి కూడా మనదే.

పగలు తిరిగే బల్లి కూడా మనకు ఉంది, పచ్చ రంగు మాత్రం లేదు. నిమాస్పిస్ అనే చిన్న బల్లులవి. మట్టి రంగు, గుండ్రని కంటిపాప, మూడు నాలుగు సెంటీమీటర్ల ఒళ్లు. పాదాల కింద ఆ రోమాల మెత్తలుండవు, గోళ్లతోనే రాయి పట్టుకుంటాయి. ఫెల్సుమాకు ఇవి దగ్గరి చుట్టాలు కావు, పగటి బతుకు వీటికి వేరే దారిలో వచ్చింది. నెల్లూరు జిల్లా వెలికొండల్లో ఇషాన్ అగర్వాల్, ఆరన్ బావర్, అక్షయ్ ఖండేకర్ 2020లో నిమాస్పిస్ అవసాబినే అనే కొత్త జాతికి పేరు పెట్టారు. అదే ఏడాది మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడి పేరుతో నిమాస్పిస్ రిషివ్యాలియెన్సిస్ అనే ఇంకో జాతి చేరింది. అదే బడి పేరుతో ఇంకో నేల బల్లికి 2016లో పేరు పెట్టారు.

వీటిని చూడాలంటే ఉదయం ఎండ ముదరకముందు రాళ్ల నీడన వెతకాలి. నిలబడి చూస్తే రాయి మాత్రమే కనిపిస్తుంది. కూర్చుని, రాతి నెర్రె దగ్గర కాసేపు కదలకుండా ఉంటే ముందు తల, తర్వాత ఒళ్లు బయటికి వస్తాయి. కొండపల్లి, మంగళగిరి కొండల మీద మాత్రం పగలు మీకు ఎదురయ్యేది ఎక్కువగా తొండ జాతిదే. తల ఊపుతుంది, కనురెప్ప వేస్తుంది. రెప్ప వేసిందంటే అది ఇక్కడ చెప్పుకున్న బల్లుల్లోది కాదని అక్కడే తేలిపోతుంది.